నీటి అడుగున ఊపిరి

మాది యాలాల్. వికారాబాదు జిల్లాలో, తాండూరునకు సమీపమున ఉన్న ఊరు. అక్కడినుండి తూర్పు సముద్రమును చూడవలెనన్నను, పడమటి సముద్రమును చూడవలెనన్నను, ఒక రాత్రి యంతయు ప్రయాణము చేయవలసినదే. కనుక చిన్నతనమున మాకు సముద్రమనగా భూగోళ పటములోని నీలిరంగు. లేదా యాత్రలకు పోయివచ్చిన పెద్దలు సీసాలో పోసి తెచ్చిన కాసిన్ని ఉప్పునీళ్లు.

అయినను మా ప్రాంతమునకు సముద్రముతో సంబంధము లేదనుటకు వీలులేదు. మా నేలమీదుగా ప్రవహించు కాగ్నా నది కర్ణాటక దేశమున భీమానదిలో కలియును. భీమ కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవి వద్ద బంగాళాఖాతమును చేరును. ఇక మా ఇండ్లలో నేలకు పరచిన నాపరాయి ఉన్నది. అది సున్నపురాతి జాతికి చెందినది. కోట్ల సంవత్సరముల క్రిందట ఈ నేలను కప్పియున్న సముద్రపు అడుగున పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడిన బురదయే ఆ రాయి. ఒకనాటి సముద్రగర్భముమీద మంచము వేసికొని మేము నిద్రించెడివారము. ఆ సంగతి మాకు తెలియదు.

మొన్నటి సంక్రాంతి సెలవులలో, నలువదియైదేండ్ల వయస్సున, నేను మొదటిసారి నేటి సముద్రపు అడుగునకు దిగినాను. అక్కడ ఎక్కువసేపు ఉన్నది లేదు, ఎక్కువ దూరము పోయినది లేదు. కాని అక్కడ నేర్చిన విషయ మొకటి సముద్రమునకు ఎంత అవసరమో మా ఊరి బావులకును, గనుల మడుగులకును అంతకంటె అవసరమని తోచినది. దానిని మనవి చేయుటకే ఈ ప్రసంగము.

నాకు ఈత వచ్చినది మోటబావిలో. ఎనిమిదవ యేట, వేసవికాలమున, మా చిన్నాయన నా వీపునకు మూత గట్టిగా బిగించిన ఖాళీ నూనెడబ్బా ఒకటి త్రాటితో కట్టి, బావిమెట్లమీద నిలువబెట్టి, "ఊపిరి బిగవట్టు బిడ్డా! ఇడిస్తివా, నీళ్లు మింగుతవు" అని చెప్పి త్రోసినాడు. డబ్బా నన్ను తేల్చినది. వారము దినములకు డబ్బా తీసివేసినారు. నెలకు గట్టుమీదినుండి దుముకుట వచ్చినది. మా ప్రాంతములో ఈత నేర్చు పిల్లవానికి చెప్పు మొదటి మాట అదియే, చివరి మాటయు అదియే: ఊపిరి బిగబట్టుము. ఎవడు ఎంతసేపు బిగబట్టగలడో వాడు అంత మొనగాడు.

తాండూరు పరిసరములలో రాయి తీసి విడిచిపెట్టిన గనులు అనేకము ఉన్నవి. వానలకు అవి నిండి, లోతు తెలియని మడుగులగును. ఒడ్డున మెట్లవలె రాతిపొరలు, నడుమ కదలక మెదలక నిలిచిన పచ్చని నీరు. పెద్దలు పోవద్దన్న చోటు గనుక మేము అక్కడికే పోయెడివారము. నా పండ్రెండవ యేట అక్కడ ఒక పోటీ జరిగినది. నీటిలో మునిగి ఎవరు ఎక్కువసేపు ఉందురు? అంతే. నాకంటె రెండేండ్లు పెద్దవాడైన స్నేహితు డొకడు, అందరిలోను మంచి ఈతగాడు, మునుగుటకు ముందు పది పదిహేనుసార్లు గబగబ ఊపిరి పీల్చి వదలినాడు. అట్లు చేసినయెడల రొమ్ములో గాలి ఎక్కువ నిలుచునని మా నమ్మకము. లెక్కపెట్టు పని నాది; నా గొంతు పెద్దది గనుక. అరువది దాటినది. మేము చప్పట్లు కొట్టినాము. ఎనుబది దాటినది. వాడు గెలిచినాడని కేకలు వేసినాము. నూట యిరువది వరకు నేను లెక్కపెట్టుచునే ఉన్నాను.

ఆ లెక్కను నేను మరువలేదు. పిమ్మట ఈత మానలేదు గాని, తల నీటిలో ముంచుట మానినాను. చదువు ముగించి, గొంతుతో జీవించు వృత్తిలో ప్రవేశించిన తరువాత కూడ, స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగిన క్షణమున నా ఊపిరి ఒక్కసారి ఆగి మరల కదలెడిది. దానికి కారణము ఎవరికిని చెప్పలేదు.

సంక్రాంతి సెలవులకు మేము విశాఖపట్టణము పోయినాము: నేను, నా భార్య, పదునాలుగేండ్ల మా అమ్మాయి. నగరమునుండి భీమునిపట్టణము పోవు దారిలో ఋషికొండ తీరమున్నది. అక్కడ కొత్తవారికి స్కూబా పద్ధతి నేర్పి సముద్రములోనికి దించుచున్నారని అమ్మాయి ముందే తెలిసికొని ఉన్నది. పిల్లల విషయమున తల్లిగాని తండ్రిగాని సంతకము చేయవలెను. కాగితముమీద ప్రశ్నలు వరుసగా ఉన్నవి: ఉబ్బసము ఉన్నదా? గుండెజబ్బు ఉన్నదా? చెవికి శస్త్రచికిత్స జరిగినదా? జలుబు ఉన్నదా? అన్నిటికిని లేదని వ్రాసినాను. నీరనిన భయము ఉన్నదా అను ప్రశ్న అందులో లేదు. సంతకము చేసిన తరువాత అమ్మాయి, "నువ్వు రావా నాన్నా?" అని అడిగినది. వచ్చెదనన్నాను. అది ధైర్యము చేత అన్న మాట కాదు. బిడ్డను నీటిలోనికి పంపి, ఒడ్డున కూర్చుండి నిమిషములు లెక్కపెట్టుట నా వల్ల కాదు గనుక అన్న మాట.

ఈ స్కూబా అనునది ఆంగ్లములోని ఐదు మాటల మొదటి అక్షరములను కూర్చి చేసిన పేరు. నీటి అడుగున తన గాలిని తానే మోసికొనిపోవుటకు వీలైన శ్వాసపరికరము అని దానికి తాత్పర్యము. అంతకు ముందు నీటి అడుగున పనిచేయువారు లోహపు శిరస్త్రాణమును, బరువైన దుస్తులను ధరించి, పైనున్న పడవనుండి గొట్టము ద్వారా వచ్చు గాలిమీద ఆధారపడెడివారు. గొట్టము ఎంత పొడవో వారి స్వేచ్ఛ అంత. 1943లో ఫ్రాన్సు దేశమున నౌకాదళాధికారి జాక్ ఈవ్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యా కలిసి ఈ బంధమును తెంచినారు. యుద్ధకాలమున పెట్రోలు కరవై, మోటారుకార్లను గ్యాసుతో నడుపవలసి వచ్చినప్పుడు గాన్యా ఒక కవాటమును తయారుచేసినాడు. దానినే మార్చి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టునున్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో గాలి నిచ్చునట్లు అమర్చినారు. తరువాత కూస్తో, లూయీ మాల్ కలిసి సముద్రగర్భమును గూర్చి తీసిన చిత్రము 1956లో కాన్ చిత్రోత్సవమున అత్యున్నత బహుమానము పొంది, ఈ విద్యను లోకమునకు పరిచయము చేసినది.

సిలిండరులో ఉండునది ప్రాణవాయువని చాలమంది అనుకొందురు. అది సరికాదు. కొత్తవారికి ఇచ్చునది మనము పీల్చు ఈ మామూలు గాలియే. ఐదింట ఒక వంతు ప్రాణవాయువు, మిగిలినది దాదాపు అంతయు నత్రజని. 12 లీటర్ల సిలిండరులో దానిని 200 రెట్ల ఒత్తిడితో అదిమి నింపినచో, సుమారు 2,400 లీటర్ల గాలి మనిషి వీపునకు ఎక్కును.

ఇక నీటి ఒత్తిడి సంగతి. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగును. పైన ఒకటి, 10 మీటర్ల వద్ద రెండు, 20 మీటర్ల వద్ద మూడు. ఒత్తిడి రెట్టింపైనచో గాలి పరిమాణము సగమగునని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రమును మనము బడిలో చదివినాము. ఒడ్డున ఊదిన బుడగ 10 మీటర్ల లోతున సగమగును. ఆ లోతున నిండుగా ఊది, మూతి కట్టి, పైకి తెచ్చిన బుడగ రెట్టింపగును, లేదా పగులును. మన ఊపిరితిత్తులును అటువంటి బుడగలే. అడుగున సిలిండరు గాలి నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి లేచువానికి ఒకటి రెండు మీటర్ల తేడాయే ప్రాణాపాయము కావచ్చును. కనుక స్కూబాలో మొదటి సూత్రము ఇది: ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు.

మాకు ఈ సూత్రము చెప్పినవాడు తీరపు పల్లెలో పుట్టి పెరిగిన యువకుడు. అతడు ఇంత శాస్త్రము చెప్పలేదు. "ఏది మర్చిపోయినా పర్లేదు సార్. ఊపిరి మాత్రం ఆపకండి. పీల్చండి, వదలండి. అంతే" అన్నాడు.

మా చిన్నాయన చెప్పినది తప్పు కాదు. పీల్చుటకు గాలి లేనిచోట ఊపిరి ఆపుకొనుటయే ధర్మము. కాని ముప్పదియేడేండ్లుగా శరీరము నమ్మిన పాఠమును ఒక అరగంటలో మరచుట ఎట్లు?

మొదట నడుములోతు నీటిలో అభ్యాసము. వీపునకు సిలిండరు కట్టినారు. వెనుకటి నూనెడబ్బా జ్ఞాపకము వచ్చినది. అది తేల్చుటకు కట్టినది, ఇది ముంచుటకు. నడుమునకు సీసపు దిమ్మలు, కన్నులను ముక్కును కలిపి మూయు అద్దపు ముసుగు, కాళ్లకు రబ్బరు రెక్కలు, నోటిలో గొట్టపు మూతి. ముక్కు మూసికొనిపోవును గనుక నోటితోనే పీల్చవలెను. మోకాళ్లమీద కూర్చుండి తల ముంచినాను. రొమ్ము రాయివలె బిగిసినది. యువకుడు నా ముఖమున కెదురుగా కూర్చుండి, చేతిని ముందుకును వెనుకకును ఆడించుచు, పీల్చుము, వదలుము అని సైగ చేసినాడు. పీల్చినాను. గాలి వచ్చినది. చల్లగా, పొడిగా వచ్చినది. నీటిలో తల ఉంచి పీల్చిన గాలిని మనసు వెంటనే నమ్మదు. దొంగసొమ్మువలె భయపడుచు పుచ్చుకొనును. పది ఊపిరులు గడిచిన పిమ్మట కొంచెము నమ్మినది.

తరువాత చెవుల సంగతి నేర్పినారు. కర్ణభేరి వెనుక గాలి నిండిన చిన్న అర ఒకటి కలదు. దానినుండి గొంతులోనికి సన్నని నాళము పోవును. లోతునకు పోవుకొలది నీరు కర్ణభేరిని లోపలికి నొక్కును. అప్పుడు ముక్కు పట్టుకొని, నోరు మూసి, మెల్లగా ఊదినచో ఆ నాళము తెరచుకొని రెండువైపుల ఒత్తిడి సమమగును. ఈ పద్ధతికి ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు వల్సాల్వా పేరు నిలిచినది. మీటరు మీటరునకు ఈ పని చేయవలెను; నొప్పి వచ్చిన తరువాత కాదు, రాకముందే.

చివరకు సైగలు. నీటిలో మాట లేదు. బొటనవ్రేలిని చూపుడువ్రేలిని సున్నవలె కలిపిన, బాగున్నానని అర్థము. అరచేతిని చాచి అటు నిటు ఊపిన, ఏదో బాగులేదని అర్థము. పిడికిలి బిగించి బొటనవ్రేలు పైకెత్తిన, పైకి పోదమని అర్థము. విని తల ఊపినాను. ఈ మూడవ సైగతో నాకు పని పడునని అప్పుడు తెలియదు.

పడవ మమ్ములను తీరమునకు కొంత దూరమున, అడుగున బండలున్న చోటికి తీసికొనిపోయినది. లోతు 7 మీటర్లు. చలికాలపు నీరు కొంత తేటగా ఉన్నది. ఒక్కొక్కరికి ఒక్కొక్క శిక్షకుడు. అమ్మాయి ముందు దిగినది. లంగరు త్రాడు పట్టుకొని ఆమె వెనుక నేను దిగినాను. మొదటి రెండు మీటర్లు బాగుగనే గడిచినవి. మూడవ మీటరులో కుడిచెవిలో సూది గ్రుచ్చినట్లయినది. ముక్కు పట్టుకొని ఊదవలెనను మాట జ్ఞాపకమున్నది. చేయి మాత్రము త్రాడును విడువలేదు. క్రింద పచ్చని మసకలో అమ్మాయి నిశ్చింతగా దిగిపోవుచున్నది. ఆ పచ్చదనము నేనెరిగిన పచ్చదనము. రొమ్ము బిగిసినది. ఊపిరి ఆగినది. లోపల ఒక గొంతు లెక్కపెట్టుట మొదలుపెట్టినది.

యువకుడు నా ముఖములోనికి చూచి, వ్రేళ్లు సున్నవలె కలిపి, బాగున్నారా అని అడిగినాడు. బాగులేను. కాని తండ్రిని, పెద్దవాడను, పైగా బిడ్డ ముందు పోవుచున్నది. బాగున్నానని చెప్పదలచినాను. స్టూడియోలో మేము అద్దమునకు అటు నిటు నిలిచి మాటాడుకొనునది చేతులతోనే. అంతయు సరిగా ఉన్నదనుటకు బొటనవ్రేలు పైకెత్తుదుము. ఇరువదేండ్ల అలవాటు. ఆ అలవాటు చొప్పుననే బొటనవ్రేలు పైకెత్తినాను.

అతడు మరుక్షణమున నా చేయి పట్టుకొని, తాను ఊపిరి వదలుచు బుడగలను చూపి, వదలుము వదలుమని సైగ చేయుచు, నన్ను మెల్లగా పైకి తెచ్చినాడు. పడవ అంచు పట్టుకొని నోటిలోని గొట్టము తీసివేసి, నేను కొంచెము కోపముతోనే, బాగున్నానని చెప్పితిని గదా అన్నాను.

"పైకి పోదామన్నారు గదా సార్" అన్నాడు అతడు. తరువాత నా ముఖము చూచి, "చెవి నొప్పెట్టిందా?" అని అడిగినాడు.

నొప్పి పెట్టినదన్నాను.

"ఊపిరి ఆపేరా?"

ఆపితి నన్నాను.

"ఇక్కడ ధైర్యం చూపించక్కర్లేదు సార్. బాగోకపోతే బాగోలేదని చెప్పండి. మీరు చెప్పకపోతే నాకు తెలీదు గదా."

నేను అబద్ధ మాడదలచినాను. నా చేయి నిజము చెప్పినది. పడవలో కూర్చుండి ఈ సంగతి ఆలోచించుచుండగా అమ్మాయి పైకి వచ్చినది. "ఎందుకు వచ్చేశావు నాన్నా?" అని అడిగినది. చెవి నొప్పి అని చెప్పి ఊరకుందమనుకొన్నాను. కాని అంతకుముందే ఒక అబద్ధము ఎట్లు పరిణమించినదో చూచినవాడను. గని మడుగు సంగతి, పోటీ సంగతి, లెక్కపెట్టిన గొంతు ఎవరిదో ఆ సంగతి, అన్నియు చెప్పినాను. స్నేహితుని పేరును చెప్పినాను. ముప్పదిమూడేండ్లుగా ఆ పేరు నా నోట వచ్చినది లేదు. అమ్మాయి మధ్యలో మాటాడలేదు. నా ముసుగు తీసికొని, నీటిలో కడిగి, చేతికిచ్చి, "నేను నీ పక్కనే దిగుతాను" అన్నది.

రెండవసారి దిగినప్పుడు అరమీటరు కొకసారి ఆగినాను. చెవి సరిచేసికొన్నాను. నొప్పి తోచిన చోట అరచేయి అటు నిటు ఊపినాను. యువకుడు నన్ను ఒక జానెడు పైకి లేపి, సర్దుకొను వరకు నిలిపినాడు. ఊపిరులను లెక్కపెట్టుట మొదలుపెట్టినాను. పీల్చునప్పుడు ఒకటి, వదలునప్పుడు రెండు. ఆగిన ఊపిరికి కాక కదలు ఊపిరికి లెక్క పెట్టుట నాకు అదే మొదలు. ఎనుబది దాటినది. నూట యిరువదియు దాటినది. అప్పటికి కాళ్ల క్రింద ఇసుక తగిలినది.

అక్కడ చూచినది చెప్పుదును. నీరు పగడపు దీవుల చిత్రములలో వలె అద్దము కాదు. నాలుగైదు బారల దూరము మసకగా కనబడును. నల్లని బండలు, వాటి అంచులనిండ అంటుకొన్న చిన్న చిన్న గుల్లలు. బండ సందున నల్లని పొడవైన ముండ్లు గల బంతి వంటి జీవి. పచ్చ నలుపు చారల చిన్న చేపల గుంపు మమ్ము చూచి తొలగి, మరల దగ్గరకు వచ్చినది. అమ్మాయి చేతికున్న ఎఱ్ఱదారము బూడిదవన్నెకు తిరిగినది. సూర్యకాంతిలోని ఎరుపును నీరు అన్నిటికంటె ముందు మ్రింగివేయును గనుక అడుగున ఎరుపు ఉండదు. నీటికిని ముసుగులోని గాలికిని మధ్య కాంతి వంగుటచేత వస్తువులు మూడింట ఒక వంతు పెద్దవిగా కనబడును. నేను పెద్దదనుకొని చూచిన చేప నిజమునకు అరచేయంత లేదు.

శబ్దము నా వృత్తి గనుక దానిని ప్రత్యేకముగా గమనించినాను. కూస్తో చిత్రమునకు నిశ్శబ్ద ప్రపంచమని పేరు పెట్టినాడు గాని, ఆ ప్రపంచము నిశ్శబ్దము కాదు. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవు శబ్దము నీటిలో సుమారు 1,500 మీటర్లు పోవును. అది రెండు చెవులకు దాదాపు ఒకే క్షణమున చేరుటచేత ఏ దిక్కునుండి వచ్చినదో తెలియదు. ఎక్కడనో పోవుచున్న పడవ ఇంజను నా తలలోనే తిరుగుచున్నట్లుండెను. వీటన్నిటికంటె దగ్గరగా నా ఊపిరి వినబడుచున్నది. పీల్చునప్పుడు సన్నని ఈల, వదలునప్పుడు బుడగల గలగల. ఇన్నేండ్లుగా మైకు ముందు, శ్రోతకు వినబడకూడదని నేను దాచుచు వచ్చిన శబ్దము అదియే. అక్కడ దానిని వినుచున్నంతసేపు క్షేమముగా ఉన్నట్లు లెక్క.

ఇరువది నిమిషములకు మించలేదు. పైకి వచ్చిన తరువాత అమ్మాయి సంతోషముతో మాటాడుచునే ఉన్నది. నా భార్య ఇద్దరిని చూచి, మీరు ఏడ్చినారా అని నన్ను అడిగినది. ఉప్పునీరు కంటిలో పడినదన్నాను. అదియు పూర్తిగా నిజము కాదు.

ఆ గనిలో నా స్నేహితునికి జరిగినదేమో పెద్దవాడనైన పిమ్మట చదివి తెలిసికొన్నాను. మనకు ఊపిరి పీల్చవలెనను ఆరాటము పుట్టించునది ప్రాణవాయువు తగ్గుట కాదు. రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగుట. మునుగుటకు ముందు గబగబ పీల్చి వదలినచో రొమ్ములో ప్రాణవాయువు చెప్పుకోదగినంత పెరుగదు. ఆ రెండవ వాయువు మాత్రము తగ్గిపోవును. అనగా ప్రమాదఘంట మ్రోగుట ఆలస్యమగును. అది మ్రోగకముందే ప్రాణవాయువు అడుగంటి, ఏ బాధయు తెలియకుండ స్పృహ తప్పును. నీటిలో స్పృహ తప్పినవాడు నీటినే పీల్చును. ఒడ్డుననున్నవారికి వాడు గెలుచుచున్నట్లే కనబడును. ఈ ప్రమాదము మంచి ఈతగాండ్రకే ఎక్కువ; ఈత రానివాడు అంతసేపు ఉండనే ఉండడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో నీటిలో మునిగి మరణించినవారు సుమారు 3,00,000 మంది. వారిలో పిల్లలును యువకులును చాల ఎక్కువ. ఐక్యరాజ్యసమితి ఆ యేటనే జూలై 25ను ఈ మరణముల నివారణ దినముగా నిర్ణయించినది. అయితే మన పల్లెలలో పిల్లలు మునుగునది వేసవి సెలవులలో, ఇంటికి దగ్గరనే ఉన్న నీటిలో.

సముద్రములో దిగవలెనను కోరిక ఉన్నవారు తప్పక దిగవచ్చును. శిక్షణ పొందినవారి వెంట దిగవలెను. జలుబు ఉన్ననాడు మానవలెను. ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడుగవలెను. పైకి వచ్చిన పిమ్మట కనీసము 12 గంటలు గడువనిదే విమానము ఎక్కరాదు. శరీరములో కరగిన నత్రజని మెల్లగా బయటికి పోవలెను. ఇవి కొద్దిమందికి పనికివచ్చు మాటలు.

అందరికి పనికివచ్చు మాటలు వేరే ఉన్నవి. పిల్లలు నీటిలో ఊపిరి బిగబట్టు పోటీలు పెట్టుకొనరాదు. మునుగుటకు ముందు గబగబ ఊపిరులు తీయరాదు. ఒంటరిగా దిగరాదు. గట్టుమీద ఒక పెద్దవాడు, చేతిలో త్రాడుతో, మరేమియు పని పెట్టుకొనక చూచుచుండవలెను. మునిగినవాడు కొద్ది క్షణములు కనబడకపోయిన వెంటనే కేక వేయవలెను. ఈత రానివాడు రక్షించుటకై దుమకరాదు. త్రాడో, కర్రయో, చీరయో విసరవలెను. బయటికి తీసినవానికి ఊపిరి ఆడనిచో కడుపు నొక్కుచు, తలక్రిందులు చేయుచు కాలము పోగొట్టక, నోటిలోనికి గాలి ఊదుట, రొమ్ము నొక్కుట వెంటనే మొదలుపెట్టి, వైద్యసహాయమునకు 108కి కబురు చేయవలెను.

విశాఖనుండి తిరిగి వచ్చిన తరువాత ఒక ఆదివారము యాలాల్ పోయినాను. వెనుకటి గని మడుగు చెంత నలుగురైదుగురు పిల్లలు ఉన్నారు. ఒకడు నీటిలో ఉన్నాడు. మరియొకడు గట్టుమీద నిలిచి పెద్ద గొంతుతో లెక్కపెట్టుచున్నాడు. ముప్పది వద్ద మునిగినవాడు పైకి వచ్చినాడు. వారినందరిని గట్టుమీద కూర్చుండబెట్టి, నా స్నేహితుని కథ చెప్పినాను. ఈత మానుమని చెప్పలేదు, చెప్పిన వినరు. పోటీ మానుమన్నాను. సముద్రములో నేర్చిన మూడు సైగలను చూపినాను. పిల్లలకు అవి వేడుకగా తోచి, ఒకరికొకరు చేసి చూపుకొని నవ్వినారు. లెక్కపెట్టిన పిల్లవాడు మాత్రము నవ్వలేదు. అరచేయి చాచి అటు నిటు ఊపి చూచుకొని, "గిది ఎప్పుడు సూపియ్యాలె సారూ?" అని అడిగినాడు.

"మనసుల అనిపించంగనే" అని చెప్పినాను.